రెండు వేళ్ళ వెడల్పు

జాకెట్టు కొలతలు తీసేటప్పుడు
ఆడవాళ్ళు గోడకేసి చూస్తారు.
క్యాలెండరు చదువుతారు, ఫ్యాను రెక్కలు లెక్కపెడతారు.
నేను టేపు తిప్పి అంకెలు రాసుకుంటాను,
ఛాతీ ముప్పై ఆరు, చంక పదహారున్నర, చెయ్యి తొమ్మిది.
రాయనివి కూడా కొన్ని కంటబడతాయి.

నడుం మడతలో, లంగా బొందు ఒరిసేచోట
రూపాయి బిళ్ళంత ఎర్ర వలయం.
అంచు గరుకు, నడుమ మామూలు తోలు,
ఎవరో సుద్దముక్కతో గీసి
కత్తిరించడం మర్చిపోయినట్టు.

"చెమటకాయలే" అంటుంది మస్తానమ్మ.
చెమటకాయలకి గుండ్రంగా నడవడం రాదమ్మా, అనను.
"కాస్త వదులుగా కుట్టమంటావా?" అంటాను.

నాకు తెలుసు.
పోయినేడు రోహిణి కార్తెలో నా చంక కిందే పుట్టింది.
బళ్ళో తామరంటే పువ్వన్నారు,
బురదలో ఉన్నా బురద అంటదన్నారు.
ఇది తడిలో పుట్టి అన్నిటికీ అంటే రకం:
తువ్వాలుకి, దుప్పటికి, మా చిన్నదాని మెడకి.

బ్రాడీపేట మూల మందులకొట్లో శేషుబాబు
అడగ్గానే ట్యూబు తీసిచ్చాడు.
"అందరూ ఇదే పట్టుకెళ్తారక్కా, మూడు రోజులంతే."
నిజమే, మూడు రోజులే.
మూడో రాత్రికి దురద లేదు, ఎరుపు లేదు,
ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.
వారం తిరక్కుండా ఒకటి మూడైంది,
మూడూ చేతులు కలుపుకుని నడుం దాకా దిగాయి.
మళ్ళీ ట్యూబు. మళ్ళీ మూడు రోజులు.
ఆరో ట్యూబు పిండేసరికి
చంకలో తోలు వాయిలు గుడ్డలా పలచబడి
పిగిలిన కుట్టులా చారలు తేలాయి.

కొత్తపేటలో డాక్టరమ్మ, హైమవతి గారు,
కళ్ళద్దాలు నుదుటికి తోసి చూసింది.
ఖాళీ ట్యూబు తిప్పి తిప్పి చదివి
"ఇందులో మంట ఆర్పే మందు కలిపారు.
మంట ఆరింది. బూజు మాత్రం హాయిగా మేసింది" అంది.
తిట్టలేదు. తిట్టినా బావుండేది.
వేరే క్రీము రాసింది, ఏ కలగలుపూ లేనిది.

"మచ్చ మీద ఒక్కటే కాదమ్మా,
చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు రాయాలి.
తగ్గినట్టు కనబడ్డాక కూడా
రెండు వారాలు ఆపకూడదు."

నాకు నవ్వొచ్చింది.
కుట్టు పక్కన లోపల గుడ్డ వదలడం
ఇరవై రెండేళ్ళుగా నా చేతి పని.
పైకి కనపడని ఆ రెండు వేళ్ళలోనే
జాకెట్టు ఆయుష్షంతా ఉంటుంది.

తువ్వాళ్ళు ఉడకబెట్టాను. మనిషికొకటి పంచాను.
డాబా మీద ఎండ తగిలేట్టు తిరగేసి ఆరేశాను.
"నాకేం లేదు" అన్నాడు మా ఆయన, తొడ గోక్కుంటూ.
రెండు రోజులు మాటల్లేవు.
మూడో రోజు ట్యూబు మూత సరిగా పెట్టి లేదు,
నేనేమీ అనలేదు.
వీపు మీద నా చెయ్యి అందని చోట
మా చిన్నది రాసేది, పలచగా,
ముగ్గుకి చుక్క పెట్టినంత శ్రద్ధగా.

పదకొండో రోజుకి తోలు తేటపడింది.
ట్యూబులో సగం మిగిలే ఉంది.
చాలు, దాచిపెట్టు, చిన్నదానికి పనికొస్తుంది,
అని చెప్పింది నా లోపలి పిసినారి.
పైనుంచి చూస్తే కుట్టు బాగానే ఉంది మరి.
లోపల ఎన్ని పోగులు వదులుగా ఉన్నాయో
తిరగేసి చూసే వీలు లేని బట్ట ఇదొక్కటే.
రాశాను. మర్నాడూ రాశాను.

ఇవాళ మస్తానమ్మ కొలతల చీటీ చింపిస్తూ
అంకెల కింద డాక్టరమ్మ పేరు, మేడ మెట్ల గుర్తు రాశాను.
చదివింది. మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగింది.
చీటీ నాలుగు మడతలు పెట్టి
పర్సులో డబ్బులకి అవతలి అరలో దాచింది.

"ఎప్పటికి అవుద్ది?" అంది, నా వంక చూడకుండా.

జాకెట్టు శుక్రవారానికి, అన్నాను.
అది మాత్రం నెల పడుద్ది.

ఆమె మెట్లు దిగాక
టేపు సబ్బు వేణ్ణీళ్ళలో వేసి
తర్వాతామెని లోపలికి రమ్మన్నాను.